కొలత మన చేతిలో ఉండాలి

మంచినీటి, మురుగునీటి కాంట్రాక్టులపై నగర, పట్టణ ప్రజలకు విజ్ఞప్తి



మీ వీధిలోకి నీళ్లు వదిలే పంపుహౌసును, మీ ఇంటి మురుగు చేరే శుద్ధి కేంద్రాన్ని ఇవాళ నడుపుతున్నది ఎవరు? గేటు మీద జలమండలి అనో, మునిసిపల్ కార్పొరేషన్ అనో రాసి ఉంటుంది. లోపల రాత్రి షిఫ్టులో కూర్చున్న ఆపరేటరుకు జీతమిచ్చేది మాత్రం చాలాచోట్ల ఓ ప్రైవేటు కంపెనీ, లేదా ఆ కంపెనీ దగ్గర పని తీసుకున్న మరో చిన్న కాంట్రాక్టరు. ఇదేమీ దొంగచాటు వ్యవహారం కాదు. టెండరు పిలిచి, ఒప్పందం రాసుకుని, చట్టప్రకారం చేస్తున్న పనే. గంగ ప్రక్షాళన కోసం కేంద్ర మంత్రివర్గం 2016లో ఆమోదించిన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) కట్టే కంపెనీకి నిర్మాణ ఖర్చులో 40 శాతం కట్టేటప్పుడే ఇస్తారు. మిగతా 60 శాతాన్ని 15 ఏళ్లపాటు వాయిదాల్లో, నిర్వహణ ఖర్చుతో కలిపి చెల్లిస్తారు. 2017లో వారణాసి, హరిద్వార్ ఒప్పందాలతో మొదలైన ఈ పద్ధతి తర్వాత మరెన్నో ఊళ్లకు పాకింది. హైదరాబాద్‌ విషయానికొస్తే, 2021లో రూ.3,866 కోట్ల అంచనాతో 31 కొత్త ఎస్టీపీలు మంజూరయ్యాయి. వాటి సామర్థ్యం రోజుకు 1,259.5 మిలియన్ లీటర్లు. ఇంత డబ్బు, ఇంత మురుగు ఎవరో ఒకరి చేతిలో ఏళ్ల తరబడి ఉండబోతున్నాయి.

ప్రైవేటు మంచిదా, ప్రభుత్వం మంచిదా అన్న వాదన పాతికేళ్లుగా వింటూనే ఉన్నాం. అది తేలేదాకా ఒప్పందాలేమీ ఆగవు, ఆగలేదు కూడా. అందుకని ఈ కరపత్రం అడుగుతున్నది వేరు. నీళ్లిచ్చి, మురుగు శుద్ధిచేసి డబ్బు తీసుకునేవారు ఎంత పని చేశారో, ఎలా చేశారో కొలిచే బాధ్యత వారికే అప్పగించకూడదు. మీటరు, ల్యాబు, లెక్క ప్రజల తరఫున పనిచేసే మరొకరి చేతిలో ఉండాలి. ఆ లెక్క ఏరోజుకారోజు బయటపెట్టాలి. బిల్లు ఆ లెక్క మీదే చెల్లించాలి.

ఇంత పట్టుబట్టడం ఎందుకో తెలియాలంటే ఎస్టీపీ లోపలికి వెళ్లి చూడాలి. మురుగు ముందుగా ఇనుప జాలీల గుండా వస్తుంది. ప్లాస్టిక్ కవర్లు, గుడ్డపేలికలు, వెంట్రుకలు అక్కడ ఆగిపోతాయి. ఇసుక అడుగుకు దిగాక నీరు ఒక పెద్ద తొట్టిలో పడుతుంది. చాలా ఎస్టీపీల్లో ఆ తొట్టి అడుగునుంచి బ్లోయర్లు రాత్రింబగళ్లు గాలి కొడుతూనే ఉంటాయి. ఆ గాలితో బతికే సూక్ష్మజీవులే మురుగును తిని నీటిని తేటపరుస్తాయి. తొట్టి గోధుమరంగు నురగతో మసులుతూ ఉందంటే జీవులు పనిలో ఉన్నట్టు. గాలి ఆగితే కొన్ని గంటల్లో తొట్టి నల్లబడుతుంది, కుళ్లిన కోడిగుడ్డు కంపు మొదలవుతుంది, చచ్చిన జీవులు మళ్లీ పెరగడానికి రోజులు పడతాయి. ఇలాంటి ఎస్టీపీ వాడే కరెంటులో సగానికి పైగా సాధారణంగా ఈ గాలికే పోతుంది. కరెంటు ఖర్చు కంపెనీదే అయిన ఒప్పందంలో, బ్లోయరు ఆపిన ప్రతి గంటా కంపెనీకి మిగులే. ఆ పని ఫలానావాళ్లు చేస్తున్నారని మేం అనడం లేదు. చేస్తే పట్టుకునే ఏర్పాటు ఉందా అని అడుగుతున్నాం.

పట్టుకోవడం అంత తేలిక కాదు. శుద్ధయి బయటికి పోయే నీటికి చేసే ముఖ్యమైన పరీక్ష బీఓడీ, అంటే నీటిలో మిగిలిన మురుగును తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత. మన దేశంలో శాంపిల్ సీసాను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూస్తారు. ఫలితం వచ్చేసరికి ఆ నీళ్లు మూసీలో పడి ఎటో వెళ్లిపోయి ఉంటాయి. పైగా ఒక్క సీసా ఒక్క నిమిషం సంగతే చెబుతుంది. ఉదయం పదకొండింటికి శాంపిల్ తీయడానికి వస్తారని ముందే తెలిస్తే పదకొండింటికి నీళ్లు తేటగానే ఉంటాయి. రాత్రి రెండింటికి ఎలా ఉన్నాయో తెలియాలంటే 24 గంటలూ గంటగంటకూ కొంచెం కొంచెం తీసి కలిపిన కాంపోజిట్ శాంపిల్ కావాలి. ఇన్‌లెట్ దగ్గరి ఫ్లో మీటరు, లోపలి ల్యాబు, షిఫ్టు లాగ్‌బుక్కు, మూడూ నడిపేవాళ్ల దగ్గరే ఉన్నచోట అధికారి చేయగలిగింది, వాళ్లు రాసిన అంకెల కింద సంతకం పెట్టడమే.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. ఇంగ్లండ్‌లో నీటి సంస్థలను 1989లో ప్రైవేటుపరం చేశారు. ఆ దేశంలో నీటి ధరలకు, సేవలకు ఆఫ్‌వాట్ అనే నియంత్రణ సంస్థ ఉంది, కాలుష్యాన్ని చూడడానికి పర్యావరణ ఏజెన్సీ ఉంది, పత్రికలున్నాయి, కోర్టులున్నాయి. నియంత్రణ లేని దేశమని ఎవరూ అనలేరు. అయినా 2009లో ఒక చిన్న మార్పు చేశారు. శుద్ధిచేసిన నీటి శాంపిళ్లను కంపెనీలే తీసి, కంపెనీలే పరీక్షించి, కంపెనీలే నివేదించే పద్ధతి పెట్టారు. సదరన్ వాటర్ అనే కంపెనీ 2010 నుంచి 2017 దాకా ఏం చేసిందో ఆఫ్‌వాట్ 2019లో బయటపెట్టింది. శాంపిల్ తీయాల్సిన రోజున ప్లాంటులోంచి నీరే బయటికి రాకుండా చేసేవారు. నీరు లేదు కాబట్టి శాంపిల్ లేదు, శాంపిల్ లేదు కాబట్టి తప్పూ లేదు. కొన్నిసార్లు ఆ మురుగును ట్యాంకర్లలోకి తోడి పక్కకు తరలించేవారు. కాగితాల మీద ప్లాంట్లన్నీ చక్కగా నడిచాయి. చివరికి జరిమానా, వినియోగదారులకు తిరిగి ఇవ్వాల్సిన సొమ్ము కలిపి 12.6 కోట్ల పౌండ్లు పడ్డాయి. అంతటితో అయిపోలేదు. 2010-2015 మధ్య వేలసార్లు శుద్ధిచేయని మురుగును నదుల్లోకి, తీరప్రాంత జలాల్లోకి వదిలారన్న కేసులో కంపెనీ 51 నేరాలు ఒప్పుకుంది. 2021 జులైలో కోర్టు 9 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. మురుగు కలిసిన ఏళ్లు గడిచిపోయాక జరిమానా వచ్చింది. అంత గట్టి నియంత్రణ ఉన్న దేశంలోనే కొలిచే చేయి, డబ్బు పుచ్చుకునే చేయి ఒకటైతే కంచే చేను మేసింది. మన దగ్గర ఏమవుతుందో వేరే చెప్పాలా?

మన దేశపు లెక్కా చూడండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగు పుడుతోంది. దాన్ని శుద్ధి చేయడానికి ఏర్పాటైన సామర్థ్యం 31,841 మిలియన్ లీటర్లు. నిజంగా శుద్ధయ్యేది 20,236. అంటే పుట్టే మురుగులో 28 శాతం. కట్టినదాంట్లోనే మూడో వంతుకు పైగా ఉత్తదిగా పడి ఉందన్నమాట. ప్లాంటు కట్టగానే రిబ్బను కత్తిరిస్తారు, సామర్థ్యం ఇంత అని బోర్డు పెడతారు. ఆ బోర్డు మీది అంకె డిజైను అంకె. నిన్న ఎంత వచ్చింది, ఎంత శుద్ధయింది, ఎంత బైపాస్ కాలువలోంచి దాటిపోయింది అన్నవి వేరే అంకెలు. మనకు కావాల్సినవి అవి.

మంచినీటి దగ్గరా చిక్కు ఇదే. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి, వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకుని తెచ్చుకుంటున్నాం. ఇంత కరెంటు కాల్చి తెచ్చిన నీళ్లు రిజర్వాయరు దాటాక ఎంత మేరకు ఇళ్లకు చేరుతున్నాయి, ఎంత మేరకు పైపుల్లోంచి కారిపోతున్నాయి, ఎంత మేరకు లెక్కలేకుండా పోతున్నాయి? కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో పెట్టుకున్న ప్రమాణం ప్రకారం లెక్కకు రాని నీరు 20 శాతం మించకూడదు. ఆ 20 శాతాన్ని తేల్చాల్సింది బల్క్ మీటర్లు, ఇంటి మీటర్లు. సరఫరా చేసినందుకు ఇంత అని, లీకేజీ తగ్గించినందుకు ఇంత అని కంపెనీకి ముట్టజెప్పే ఒప్పందంలో ఆ మీటర్లన్నీ కంపెనీయే చదివితే, తగ్గింది లీకేజీయో అంకెయో ఎవరు చెప్పగలరు?

నీరు ఎంత వచ్చిందన్న దానికంటే ముందు చూడాల్సింది అందులో క్లోరిన్ ఉందా లేదా అన్నది. రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లలో, నీళ్లు ఆగిన గంటల్లో పైపు ఖాళీ అవుతుంది. పగుళ్లున్న చోట పక్కనున్న డ్రైనేజీ నీటిని అది లోపలికి లాక్కుంటుంది. నల్లా తిప్పగానే వచ్చే మొదటి బిందె ఎర్రగానో, వాసనగానో ఉండడం మనందరికీ అనుభవమే. భారతీయ ప్రమాణాల ప్రకారం నల్లా నీటిలో కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అది చూడడానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు. లైన్‌మన్ సంచిలో ఉండే చిన్న కిట్టు చాలు. గాజు గొట్టంలో నల్లా నీళ్లు పట్టి, నాలుగు చుక్కలు మందు వేసి, రంగు తేలిందా లేదా పక్కనున్న పట్టీతో పోల్చి చూస్తారు. రిజర్వాయరు దగ్గర చూస్తే ఎప్పుడూ రంగు తేలుతుంది. చూడాల్సింది లైను చివర, ఎత్తు మీద ఉన్న బస్తీలో, ఆఖరి ఇంట్లో. ఒడిశాలోని పూరీ 2021 నుంచి నల్లా నీళ్లను నేరుగా తాగగలిగేలా 24 గంటలూ ఇస్తోంది. ఆ రాష్ట్రంలో స్వయం సహాయక సంఘాల మహిళలను ‘జలసాథీ’లుగా పెట్టి, ఇంటింటికీ వెళ్లి మీటరు చదవడం, నీటి పరీక్ష చేయడం, బిల్లు వసూలు చేయడం వాళ్లకే అప్పగించారు, దానికి వాళ్లకు సొమ్ము ఇస్తారు. మన దగ్గర పొదుపు సంఘాలకు కొదవా? పావలా వడ్డీ లెక్కలు అణాపైసలతో చూసుకున్న అక్కచెల్లెళ్లకు క్లోరిన్ రంగు చూడడం కష్టమా?

టెండరు సంగతి కూడా ఒకటి చెప్పాలి. తక్కువ కోట్ చేసినవాడికే పని ఇవ్వాలన్న రూలు పైకి బాగానే ఉంటుంది. మనీలాలో 1997లో నీటి సరఫరాను రెండు కంపెనీలకు పంచారు. అప్పటికి నగరంలో ఛార్జీ ఘనపు మీటరుకు 8.78 పెసోలు. తూర్పు భాగాన్ని గెలుచుకున్న కంపెనీ 2.32 పెసోలకే ఇస్తానంది. పడమటి భాగం 4.97కు పోయింది. జనం సంబరపడ్డారు. పదేళ్లు తిరిగేలోపు ఆ ఛార్జీలు పాత 8.78ని దాటిపోయాయి. పడమటి కంపెనీ నెత్తిన డాలరు అప్పులు పెట్టుకుంది. ఆసియా సంక్షోభంలో పెసో పడిపోవడంతో చేతులెత్తేసింది. ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుని 2006 చివర్లో మళ్లీ అమ్మాల్సి వచ్చింది. న్యాయంగా మరో మాట కూడా చెప్పుకోవాలి. తూర్పు భాగంలో లెక్కకు రాని నీరు 60 శాతం పైనుంచి 11 శాతం దాకా దిగింది, 24 గంటలూ నీళ్లు దాదాపు అందరికీ అందాయి. ప్రైవేటు పేరు వినగానే మొత్తం చెడ్డదనుకోనక్కర్లేదనడానికి అది చాలు. కానీ చౌకగా వచ్చిన టెండరు చౌకగానే ఉండిపోతుందనుకోవడం భ్రమ. తగ్గించి కోట్ చేసినవాడు ఆ తగ్గింపును ఎక్కడో రాబట్టుకుంటాడు. ఛార్జీ పెంచడానికి వీల్లేకపోతే బ్లోయరు దగ్గర రాబట్టుకుంటాడు, మనుషుల దగ్గర రాబట్టుకుంటాడు.

మనుషుల దగ్గర అన్నది ఊరికే అన్న మాట కాదు. రక్షణ పరికరాలు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. అయినా మరణాలు ఆగలేదు. చనిపోతున్నవారిలో చాలామంది కాంట్రాక్టరు కింద, ఆ కాంట్రాక్టరు కింద మరో మేస్త్రీ కింద, ఎవరి రిజిస్టరులోనూ పేరు లేకుండా దిగినవాళ్లే. తలచుకుంటే ఒప్పందాన్ని వేరేలా కూడా రాయొచ్చని హైదరాబాదే చూపించింది. 2017లో జలమండలి ఇరుకు గల్లీల్లోకి వెళ్లగలిగే 70 మినీ జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. దళిత పారిశ్రామికవేత్తలను వాటికి యజమానులను చేసింది. అదీ ప్రైవేటు ఒప్పందమే. ఎవరికి, ఏ షరతు మీద ఇచ్చామన్నదాన్ని బట్టి దాని ఫలితం అలా వచ్చింది. ప్రతి నీటి ఒప్పందంలోనూ సబ్‌కాంట్రాక్టరు మనిషి దగ్గర జరిగిన ప్రమాదానికి అసలు కంపెనీయే బాధ్యురాలని, ఒక్క మరణం జరిగినా ఆ ఏడాది బోనసు, పొడిగింపు రెండూ పోతాయని రాసి ఉండాలి.

అసలు బిల్లు కట్టనివాళ్ల మాటేమిటి? హైదరాబాద్ వాడి వదిలిన నీళ్లు మూసీ వెంట పీర్జాదిగూడ దాటి, వలిగొండ దాటి, నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. దారిపొడవునా ఆ నీళ్లతో వరి వేస్తారు, పాడిగేదెలకు గడ్డి పెంచుతారు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు తిరిగి మన ఇళ్లకే వస్తాయి. ఎస్టీపీలో బ్లోయరు ఆగితే కాళ్లకు పుండ్లు పడేది ఆ రైతుకూలీలకు. వాళ్లు నగరం వినియోగదారులు కారు, వాళ్ల పేరు మీద నల్లా నంబరు లేదు, ఫిర్యాదు చేద్దామంటే కస్టమర్ ఐడీ అడుగుతారు. ఒప్పందాన్ని పర్యవేక్షించే కమిటీ ఏది వేసినా దిగువ గ్రామాల నుంచి వాళ్లకు అందులో చోటు ఉండి తీరాలి. ఈ విషయంలో రాజీ పడకూడదని మా గట్టి అభిప్రాయం.

మేం కోరుతున్న మార్పును ఇప్పుడు స్పష్టంగా చెబుతాం. ప్రతి ఎస్టీపీ ఇన్‌లెట్, అవుట్‌లెట్, బైపాస్ దగ్గరున్న మీటర్లు, ప్రతి రిజర్వాయరు బల్క్ మీటరు, కంపెనీవి కాకుండా స్థానిక సంస్థవి కావాలి. వాటికి సీలు వేయాలి, ఏడాదికోసారి బయటి సంస్థతో సరిచూపించాలి. శాంపిల్ తీసే పని విశ్వవిద్యాలయాల ల్యాబులకు లేదా కంపెనీతో సంబంధం లేని గుర్తింపు పొందిన ల్యాబులకు అప్పగించాలి. వాళ్లు ముందు చెప్పకుండా రావాలి, రాత్రిళ్లూ రావాలి. వాళ్ల ఫీజు నేరుగా స్థానిక సంస్థ నుంచి రావాలి. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019 ఏప్రిల్‌లో చెప్పిన లీటరుకు బీఓడీ 10, ఘన రేణువులు 20 మిల్లీగ్రాముల పరిమితే ఒప్పందాల్లో ఉండాలి. దాన్ని దాటిన ప్రతి రోజుకూ ఆ రోజు చెల్లింపు పూర్తిగా ఆపాలి. వాయిదాలో సింహభాగం నాణ్యతకు ముడిపెట్టకపోతే చిన్నాచితకా జరిమానాలను కంపెనీలు వ్యాపార ఖర్చుగా రాసుకుంటాయి. శుద్ధి కేంద్రాల ఆన్‌లైన్ కొలతలు ప్రజలకు కనబడాలని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. ఆ అంకెలు వెబ్‌సైటు మూలలో ఇంగ్లిషులో కాదు, ప్లాంటు గేటు దగ్గర, వార్డు ఆఫీసులో తెలుగులో ఉండాలి. ఒప్పందం పూర్తి ప్రతి, అనుబంధాలతో సహా, తెలుగు సారాంశంతో బయటపెట్టాలి.

ఇంకొకటి. కార్పొరేషన్ తన ఇంజినీర్లను, కెమిస్టులను వదులుకోకూడదు. పారిస్ నగరం పాతికేళ్లు ప్రైవేటు చేతిలో ఉంచిన నీటి పంపిణీని 2010లో వెనక్కి తీసుకుని, మరుసటి ఏడాదే ఛార్జీ 8 శాతం తగ్గించగలిగింది. కొలవడం, పరీక్షించడం తెలిసిన సొంత మనుషులుంటేనే కంపెనీతో సమానంగా కూర్చుని మాట్లాడగలం. వాళ్లు లేకపోతే 15 ఏళ్ల తర్వాత ప్లాంటు తాళాలు ఇచ్చి వెళ్తామన్నా తీసుకునేవాళ్లు ఉండరు.

ఇదంతా ఖర్చు కదా అంటారు. బయటి ల్యాబుకు, రాత్రి తనిఖీలకు అయ్యే ఖర్చు వేల కోట్ల కాంట్రాక్టు ముందు ఎంత? కంపెనీలు ముందుకు రావంటారు. నిజాయితీగా నడిపే కంపెనీకి ఈ షరతులు మేలే చేస్తాయి. అంకెలు వండే పోటీదారు తక్కువ కోట్ చేసి తన పని తన్నుకుపోకుండా అవి కాపాడతాయి. వ్యాపార రహస్యం అంటారు. ప్రజల డబ్బుతో ప్రజల మురుగును శుద్ధి చేసే పనిలో దాచాల్సిన రహస్యం ఏముంటుంది? 2005లో ఢిల్లీలో నీటి సరఫరా ప్రాజెక్టు కాగితాలను సమాచార హక్కు కింద బయటికి తీసినప్పుడు, ఒక సలహా సంస్థను ఎంపిక చేయించడానికి ప్రపంచ బ్యాంకు ఎంత ఒత్తిడి తెచ్చిందో జనానికి తెలిసింది. ఆ ప్రతిపాదన ఆగిపోయింది. చేసిందల్లా కాగితాలు అడిగి, ఓపిగ్గా చదవడమే.

ఆ పని మీరూ ఈ వారమే మొదలుపెట్టవచ్చు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో జలమండలికి గానీ, మీ మునిసిపాలిటీకి గానీ దరఖాస్తు పెట్టండి. మా మురుగు ఏ ఎస్టీపీకి వెళ్తుంది, దాన్ని ఎవరు నడుపుతున్నారు, ఒప్పందం ప్రతి ఇవ్వండి అని అడగండి. గత 12 నెలల్లో నెలనెలా ఎంత మురుగు వచ్చింది, ఎంత శుద్ధయింది, ఎంత చెల్లించారు, ఎంత కోత పెట్టారు అని అడగండి. బ్లోయర్ల కరెంటు మీటరు రీడింగులు అడగండి. ఆ కరెంటు అంకెలను శుద్ధి అంకెల పక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు వాటంతటవే బయటపడతాయి. చట్టంలోని సెక్షన్ 2(జె) పనులను స్వయంగా తనిఖీ చేసే హక్కును, ధ్రువీకరించిన నమూనాలు తీసుకునే హక్కును మీకిచ్చింది. ఆ సెక్షన్ పేరు రాసి, ఎస్టీపీ అవుట్‌లెట్ దగ్గర నీటి నమూనా ఇప్పించమని అడగండి. వ్యాపార రహస్యమని తిప్పి పంపితే, విశాల ప్రజా ప్రయోజనం ఉన్నచోట ఆ మినహాయింపు వర్తించదని సెక్షన్ 8(1)(డి) లోనే ఉంది, దాన్ని ఎత్తిచూపండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. ఒక్కరే కాకుండా కాలనీకి నలుగురు వేయండి. వచ్చిన జవాబును సంఘం ఆఫీసులో అందరికీ కనబడేలా అంటించండి, ఒక ప్రతిని మీ కార్పొరేటరుకు, మరో ప్రతిని నదికి దిగువనున్న ఏదైనా ఒక గ్రామ పంచాయతీకి పంపండి.